చలికాలపు చుట్టం – పదకొండో భాగం: సారమ్మ సాక్ష్యం

బావికాడ పాచి మీద కాలుజారి పడ్డ ఆగ్నెసు దొరసానిని నులక మంచం మీద మోసుకొచ్చి మడికొండ మిషన్ దవాఖానల పండబెట్టి నాలుగొద్దులాయె. తుంటి బొక్క విరిగింది. హైదరాబాదు తీస్కపోయి లోపల ఇనుప కడ్డీ వేయిస్తే తప్ప ఈ డెబ్బై నాలుగేండ్ల మనిషి లేచి నడవదని ఎముకల డాక్టరు చెప్పిపోయిండు. అక్కడి పెద్ద దవాఖాన వాళ్లేమో ఇరవై వేలు ముందు కడితేనే మంచం ఇస్తమన్నరు. దానికి ఫికరెందుకు, అమ్మ దగ్గర వాళ్ల దేశపు బీమా కాగితం ఉంటది గదా అని సారమ్మ ధైర్యంగ ఇంటికి పోయి, దొరసాని తోలుపెట్టె తెరిచి, అడుగున పరిచిన పేపరు దాకా ఎత్తి చూసింది. గౌన్లున్నయి, ఉన్ని మేజోళ్లున్నయి, బైబిలుంది. బీమా కాగితం మాత్రం లేదు. పోయిన వారం మనం సారమ్మను ఆ తెరిచిన పెట్టె ముందట కూసోబెట్టి వచ్చినం.

ఆ కాగితమేందో తెల్వనోళ్లకు ఒక మాట చెప్పాలె. ఆగ్నెసు దొరసానిది కెనడా దేశం. ఇరవై తొమ్మిదేండ్లు ఈ మడికొండ దవాఖానల నర్సులందరికీ పెద్దగ ఉండి, పంతొమ్మిది వందల డెబ్బై ఐదుల రిటైరై తన దేశం పోయింది. పోతే అక్కడేమున్నది? పెండ్లి చేసుకోలేదు, పిల్లలు లేరు, ఉండేది ఒక్క అర్ర. బయట మోకాలి లోతు మంచు. మన ఎండకు అలవాటుపడ్డ కీళ్లు ఆ చలికి తుప్పు పట్టిన తలుపు బందుల్లెక్క బిగుసుకపోయినయి. అందుకని ఏటా కార్తీకం దాటంగనే విమానమెక్కి వచ్చి, సారమ్మ రెండర్రల పెంకుటింట్ల దిగి, కామునిపున్నమి దాకా ఉండి పోతది. వాడకట్టు వాళ్లందరూ ఆమెను చలికాలపు చుట్టం అంటరు.

వాళ్ల దేశంల ముసలోళ్ల దవాఖాన ఖర్చు సర్కారే పెట్టుకుంటదట. కాని పొలిమేర దాటితే సర్కారుకు సంబంధం లేదు. పరాయి దేశంల చలికాలం గడిపే రిటైరైనోళ్లు ఎవరి బీమా వాళ్లు కొనుక్కోవాలె. ఆ నాలుగు నెలల్ల పడ్డా, మంచం పట్టినా, సచ్చినా ఖర్చు కంపెనీది. వయసు మీదపడ్డకొద్దీ దాని ధర పెరుగుతది. దొరసాని ఏటా దిగిన నాడే నీలం అంచు కాగితాన్ని సారమ్మ చేతిల పెట్టి, “చూడు సారమ్మా, ఈ సంవత్సరము నా దేహమునకు వెల మరి కొంచెము పెంచినారు” అని నవ్వేది. ఎన్నడో మునిషీ దగ్గర నేర్చుకున్న బైబిలు తెలుగు ఆమెది. మన నీళ్లు తాగి ఇన్నేండ్లయినా ఆ తెలుగు మారలేదు. మొన్న నవంబరుల దిగినప్పుడు మాత్రం కాగితం చూపియ్యలేదు. సారమ్మకూ అడగాలని తోచలేదు.

పొద్దున్నే మంచు ఇంక విడువకముందే సారమ్మ దవాఖాన ఆఫీసుకు పోయింది. మేనేజరు దేవదానం కుర్చీల ఉన్నడు. సారమ్మ తోడికోడలు కొడుకే. మూడేండ్ల వయసుల తల్లి సచ్చిపోతే ఆగ్నెసు దొరసాని మిషన్ బోర్డింగుల వేసుకొని సాకింది. చదివిచ్చి ఈ కుర్చీల కూసోబెట్టింది కూడ ఆమెనే.

“కూసో పెద్దమ్మా.”

“కూసునుడు కాదు బిడ్డా. కాగితం దొరుకుతలేదు. నీ బీరువల ఏమన్న పెట్టిందా?”

“దొరకది. కొంటె గదా దొరికెటందుకు.”

సారమ్మ కూసున్నది.

దేవదానం సొరుగుల నుంచి ఒక ఫైలు తీసిండు. దొరసాని పడ్డనాడే కెనడాల వాళ్ల మిషన్ ఆఫీసుకు తంతి కొట్టిండట. నిన్న సాయంత్రం జవాబు వచ్చింది. దాంతోని ఈయన పాత ఫైళ్లు తిరగేస్తే, పోయిన ఆగస్టుల వాళ్లు రాసిన ఉత్తరం ఒకటి బయటపడ్డది.

“ఇన్నేండ్లు రిటైరైనోళ్లందరికీ కలిపి ఆ ఆఫీసోళ్లే బీమా తీసేటోళ్లు. గుంపుల గోవిందా అన్నట్టు అమ్మకు మన లెక్కల పదిహేను వందలల్ల అయిపోయేది. ఈ యేడు కంపెనీ అమ్మ పేరు గుంపుల నుంచి తీసేసింది. గుండె జబ్బు వచ్చిన మనిషి, ఈమెకు వేరే ధర అన్నది.”

“ఎంత?”

“పద్నాలుగు వేలు. నాలుగు నెలలకు.”

“విమానం టికెట్టు ఎంత?”

“పోను రాను పదకొండు.”

“చారాణ కోడికి బారాణ మసాలా అంటే ఇదే గదా,” అన్నది సారమ్మ. “మనిషిని మోసుకచ్చేది పదకొండు వేలకు మోసుకచ్చె. కాగితం పద్నాలుగా?”

“అది కట్టినా, గుండెకు ఏమన్న అయితే పైస ఇయ్యమని అడుగున చిన్న అచ్చరాలల్ల రాసిన్రు. అమ్మకొచ్చే పింఛను నెలకు మూడు వేలు. గంజి తాగి ఉన్నా ఐదు నెలల పింఛను. కట్టలేదు. కట్టకుండనే వచ్చింది.”

సారమ్మ జరసేపు లెక్క పట్టుకున్నది. ఆమెకు లెక్క కుదరలేదు. “అయ్యో బిడ్డా, అమ్మకు గుండె జబ్బెక్కడిది? ఏ దుర్మార్గుడు జెప్పిండు వాళ్లకు?”

దేవదానం ఫైలు అడుగు నుంచి నున్నటి కాగితం పుస్తకమొకటి తీసి, పేజీ తిప్పి ఆమె ముందట పెట్టిండు. ఇంగ్లీషు. సారమ్మకు తెలుగే కూడబలుక్కొని చదవవస్తది. కాని ఫోటో చదువనక్కరలేదు. తెల్ల చీర కట్టుకొని, కుడి చెయ్యి పైకెత్తి నిలబడ్డ మనిషి తనే.

“నువ్వే జెప్పినవు పెద్దమ్మా. పోయినేడు కొత్త సంవత్సరం నాడు, గుడిల.”

ఇక్కడ మా మడికొండ గుడి ఆనవాయితీ ఒకటి చెప్పకపోతే సారమ్మకు అన్యాయం చేసినదాన్నవుత. ఏటా జనవరి ఒకటో తారీకు పొద్దున కృతజ్ఞత ఆరాధన ఉంటది. ఆ యేడు దేవుడు చేసిన మేలు ఒక్కొక్కరు లేచి చెప్పాలె. దాన్నే సాక్ష్యం అంటరు. కడుపునొప్పి తగ్గిందని చెప్తే ఎవరింటరు? దేవుని ఘనత చిన్నబోదా? అందుకని జలుబు జ్వరమైతది, జ్వరం టైఫాయిడ్ అయితది. ఏలియా మేస్త్రి సైకిలు మీంచి పడి మోకాలు గీరుకుంటే, సాక్ష్యంల లారీ వచ్చింది. మరుసటేడు అదే సాక్ష్యంల లారీకి బ్రేకులు కూడ పోయినయి. జనం “స్తోత్రం” అంటరు. దాన్ని అబద్ధమని ఎవరూ అనుకోరు. పాయసంల చక్కెర వేసినంత మామూలు.

సారమ్మ ముప్పై నాలుగేండ్లు ఈ దవాఖానల ఆయాగ చేసి, ఇప్పుడు గుడి తరఫున బైబిల్ స్త్రీ. అంటే మంచం మంచానికి పోయి రోగుల పక్కన కూసోని ప్రార్థన చేసే మనిషి. నెలకు అరవై రూపాయలిస్తరు. ఆమె చెయ్యి పెడితే పిల్లలకు దడుపు పోతదని హిందువుల ఇండ్ల నుంచి కూడ పిలుస్తరు. అసువంటి మనిషి సాక్ష్యం చప్పగ ఉంటదా? ముందటేడు డిసెంబరుల ఒకనాడు పొయ్యి కాడ దొరసాని చెమటలు పట్టి పడిపోయింది. సారమ్మ నీళ్లు చల్లి, ఛాతి రాకి, ప్రార్థన చేసింది. పావుగంటకు లేచి కూసున్నది. ఇది జరిగింది. గుడిల సారమ్మ చెప్పింది వేరు: దొరసాని గుండె మూడు నిమిషాలు ఆగిపోయింది, పెదవులు నల్లబడ్డయి, దేవా నా ఆయుష్షుల పదేండ్లు ఈమెకు ఇయ్యి అని తను మొర పెట్టుకుంటే గుండె మళ్ల కొట్టుకున్నది. నాలుగు వందల మంది ఒక్క గొంతుతోని స్తోత్రం అన్నరు. ఆ పూట ఆమెకు మునగచెట్టు ఎక్కినట్టే ఉండె.

ఆ వారమే కెనడా నుంచి చూడవచ్చిన ఇద్దరు ఆ సాక్ష్యాన్ని రాసుకొని, ఫోటో తీసుకొని పోయిన్రు. వాళ్ల మిషన్ పత్రికల అచ్చేసిన్రు. బీమా ఫారాలు నింపే గుమాస్తా ఆ పత్రిక చదివే మనిషే. ఫారంల ఒక ప్రశ్న: గుండె జబ్బు వచ్చిందా? వాడు నిజాయితీగల క్రైస్తవుడు. వచ్చింది అని రాసిండు.

“నేను జెప్పిన సాక్ష్యం,” అన్నది సారమ్మ.

“నిన్నటి తంతిల ఏమున్నదంటే,” దేవదానం కాగితం చూసుకుంట చెప్పిండు, “గుండె జబ్బు ఎన్నడూ లేదని, ఆ మాట చెప్పిన మనిషే రాసిచ్చి డాక్టరు దస్తఖతు పెడితే, పొరపాటు మా ఆఫీసుది అయితది గనుక ఖర్చంత మేమే పెట్టుకుంటం. ముందుగ తంతి పంపున్రి, ఉత్తరం వెనుక పంపున్రి, తంతి అందంగనే పైసలు బ్యాంకుల వేస్తం. ఇదీ.”

“అంటే నేను అబద్ధం ఆడిన అని రాయాలె.”

“అబద్ధం అని ఎందుకంటవు? జర ఎక్కువ జెప్పిన అని రాద్దాం.”

“ఇంగ్లీషుల ‘జర’ ఉంటదా?”

దేవదానం తలకాయ గీరుకున్నడు. “ఉండది.”

సారమ్మ లేచి కిటికీ కాడ నిలబడ్డది. బయట మంచుల నర్సుల క్వార్టర్లు అలికినట్టు కనబడుతున్నయి.

“దేవదానం, ఒక్క మాట అడుగుత. ఈ ఇరవై వేలు ఈ దవాఖాన కట్టలేదా? ఆ ఆపరేషన్ గది ఎవరు కట్టిచ్చిన్రు? ఈ నీళ్ల ట్యాంకి ఎవరు అడుక్కచ్చిన పైసలతోని లేచింది?”

“నా చేతుల లేదు పెద్దమ్మా. కమిటీ ఉన్నది. నేను అడిగిన. ఆమె రిటైరైన మనిషి, మన రిజిస్టర్ల పేరు లేదు, ఫారిన్ పేషెంట్ కింద రాయి, ఫారినోళ్ల రేటే లెక్కగట్టు అన్నరు.”

“ఫారినా? నీ ముడ్డి కడిగిన మనిషి నీకు ఫారినాయెనా?”

దేవదానం ముఖం ఎర్రబడ్డది. “తిట్టు. నువ్వు తిట్టినా కమిటీ మారది. నా జీతం ఎనిమిది వందలు. మూడు వందలు నేను ఈ నెల ఇస్త. మిగిలినయి నువ్వు తెస్తవా?”

సారమ్మ ఆయాగ పనిచేసింది గనుక ఆమెకు తెలుసు. తుంటి విరిగిన ముసలోళ్లను కాలికి ఇటుకలు కట్టి పండబెడితే ఏమైతదో ముప్పై నాలుగేండ్లు చూసింది. ముందుగాల వీపు పుండ్లు పడుతది. తరువాత ఛాతిల నెమ్ము చేరుతది. ఎంత బాగ చూసుకున్నా మూడు నెలలు. ఎందరిని తను స్వయంగ కడిగి, తెల్ల గుడ్డ చుట్టి పంపలేదు?

వార్డుల ఆగ్నెసు దొరసాని మేలుకొనే ఉన్నది. కాలికి తాడు, తాడుకు రెండు ఇటుకలు, మంచం అంచు మీదుగ వేలాడుతున్నయి. సన్నటి తెల్లజుట్టు దిండు మీద పరుచుకొని ఉన్నది. సారమ్మ దువ్వెన తీసి, పలుకరియ్యకుండ, చిక్కు తీస్తున్నది. రెండు మూడు సార్లు గట్టిగనే గుంజింది.

“నీకు తెలిసినది,” అన్నది దొరసాని.

“తెలిసింది.”

“దేవదానమును నీకు చెప్పకూడదని అన్నాను.”

“నువ్వు అన్నీ అంటవమ్మా. దేవదానం అంత జెప్పిండు. ఆ ఆగస్టులనే వాళ్లు నీకు కూడ ఉత్తరం రాసిన్రట గదా, ఈ సాక్ష్యం నిజమేనా అని. నిజం కాదంటే మళ్ల గుంపుల కలుపుతమన్నరట గదా. నువ్వేం రాసినవు?”

దొరసాని కండ్లు మూసుకున్నది. “సారమ్మ అబద్ధమాడదు అని వ్రాసినాను.”

దువ్వెన ఆగింది.

“ఆడిన గదమ్మా. నువ్వు పక్క బెంచీ మీదనే కూసోని ఇన్నవు గద. మూడు నిమిషాలట. నా చేతికి గడియారమన్న లేదు.”

“అందరూ ఆలాగే చెప్పుదురు. నాకు తెలుసు. అక్కడివారికి తెలియదు. వారికి ఒక మాట సత్యము లేక అసత్యము, అంతే. నిన్ను అసత్యము వైపున వ్రాసుకొందురు. ఆ పత్రిక నాలుగు వేలమంది చదువుదురు.”

“చదువనియ్యి. వాళ్లు నాకు మొగుళ్లా, మరుదులా? ఆ నాలుగు వేల మందిని నేనెన్నడన్న చూస్తనా?” సారమ్మ గొంతు పెరిగింది. పక్క మంచం మీది ఘన్‌పూర్ ముసలమ్మ ఇటు తిరిగింది. “నా పరువు కాపాడెటందుకు నువ్వు మంచం పట్టుడేందమ్మా? నేను అడిగిన్నా నిన్ను?”

“అడుగలేదు.”

“మరెందుకు?”

“నీకు ఉన్నది అదొక్కటే గనుక,” అన్నది దొరసాని మెల్లగ. “నీ మాట. నీకు భూమి లేదు, బంగారము లేదు. నీ మాట మీదనే నీవు మంచము మంచమునకు పోవుచున్నావు. అది పోతే నీకేమున్నది?”

ఆమె ప్రేమతోనే అన్నది. అందుల సందేహం లేదు. కాని సారమ్మకు ఆ మాట కారంపొడి కండ్లల్ల పడ్డట్టు తాకింది. ముప్పై ఎనిమిదేండ్ల నుంచి ఈమె వంట తను చేసింది, ఈమె బట్టలు తను ఉతికింది, ఈమెకు జ్వరమొస్తే తను రాత్రంత మేల్కొని చూసుకున్నది. తన మొగుడు పోయిన నాడు ఈమెను పట్టుకొనే ఏడ్చింది. ఇద్దరం ఒక్క కంచంల తిన్నట్టే అనుకున్నది. ఈమె లోపల మాత్రం తను ఎప్పటికీ ఏమీ లేని సారమ్మనేనా?

“ఉన్నదాన్ని నేను ఖర్చు పెట్టుకుంట,” అన్నది. “నాది నేను ఎందుకన్న పారేసుకుంట. దాన్ని దాసిపెట్టెటందుకు నువ్వెవరమ్మా?”

ఇటుకలు సన్నగ ఊగినయి.

సారమ్మనే మళ్ల అడిగింది. “అసలు ఆనాడు పొయ్యి కాడ నీకేమైంది? నా మీద ఒట్టు పెట్టి జెప్పు.”

“ఒట్టు పెట్టుట పాపము. వాయువు. నీ సర్వపిండి మూడు తింటిని.”

“మూడు తిన్నవు గద. రెండో దానికే వద్దన్న.”

“నాలుగు,” అన్నది దొరసాని. “ఒకటి నీవు చూడలేదు.”

ఇద్దరికీ నవ్వు రావాల్సిన మాట. సారమ్మకు రాలేదు. జడ అల్లి, కొసకు ముడేసి, దువ్వెన కొంగుల కట్టుకొని లేచింది.

“సారమ్మా, ఎక్కడికి?”

“ఆఫీసుకు.”

“వద్దు. నేను వద్దనుచున్నాను.”

“ఫికర్ చెయ్యకు,” అన్నది సారమ్మ. ఎనుకకు మళ్లి చూడలేదు.

దేవదానం టైపు కొట్టిండు. సారమ్మ తెలుగుల ఒక్కొక్క మాట చెప్పింది. జర అనలేదు. ఎక్కువ అనలేదు. “ఆగ్నెసు దొరసానికి గుండె జబ్బు ఎన్నడూ రాలేదు. వచ్చిందని నేను గుడిల చెప్పింది నిజం కాదు. తప్పు నాది.” అంతే రాయమన్నది. కింద తెలుగుల పేరు పెట్టింది. ర మీద కలం ఒత్తుకొని సిరా పక్కకు పాకింది.

“ఒక కాపీ పాస్టరయ్యకు కూడ పంపాలె పెద్దమ్మా. మిషన్ కాగితాలు ఆయన ద్వారనే పోతయి.”

“పంపు.”

“ఆదివారం నిన్ను లేచి నిలబడమంటడు. మళ్ల బైబిల్ స్త్రీగ ఉంచుతరో ఉంచరో...”

“ముందు తంతి పంపు. నాకు ఆదివారం సంగతి ఆదివారం జెప్పు.”

అటెండరు నర్సయ్య సైకిలేసుకొని కాజీపేట తారాఫీసుకు పోయిండు. సారమ్మ వరండాల బెంచీ మీద కూసున్నది. ములుగు నుంచి పిల్లను చంకనేసుకొచ్చిన ఒక తల్లి, “అమ్మా, జర చెయ్యి పెట్టి ప్రార్థన చెయ్యవా, రాత్రంత దడుచుకుంటాంది” అని ముందట నిలబడ్డది. సారమ్మ చెయ్యి ఎత్తబోయి ఆగింది. “లోపల నర్సమ్మకు సూపియ్యి బిడ్డా, మందిస్తది” అన్నది. ఆ తల్లి తెల్లబోయి చూసి లోపలికి పోయింది. ఇన్నేండ్లల్ల ఇట్ల మళ్లగొట్టుడు ఇదే మొదలు.

రెండు గంటలకు హన్మకొండ నుంచి ఎముకల డాక్టరు రాజేశ్వర్ రావు వచ్చిండు. కారు డిక్కీల నుంచి చిన్న పెట్టె మిషను ఒకటి దించిచ్చిండు. మత్తు ఇచ్చేముందు గుండె పట్టీ, అదే ఈసీజీ, కావాలని హైదరాబాదు వాళ్లు అడిగిన్రట. మడికొండ దవాఖానల ఉన్న ఆ యంత్రం చెడిపోయి ఆరు నెలలాయె. అందుకని తన సొంతది తెచ్చిండు. మంచి మనిషే.

దేవదానం టైపు కొట్టిన ఉత్తరం పట్టుకొని పక్కన నిలబడ్డడు, పని కాంగనే దస్తఖతు పెట్టిద్దామని. సారమ్మ దొరసాని మంచం చుట్టు తెర గుంజింది. డాక్టరు దొరసాని చేతులకు, కాళ్లకు వైర్లు తగిలిచ్చిండు. మిషను గుయ్యిమన్నది. గళ్ల కాగితం పట్టీ నాలుక లెక్క బయటికి వచ్చింది.

డాక్టరు దాన్ని చూసిండు. చించి పక్కకు పెట్టి, వైర్లు సరిచేసి, మళ్ల తీసిండు. రెండు పట్టీలు పక్కపక్కన పెట్టి కిటికీ వెలుతురుకు పట్టిండు.

“ఈమెకు గుండెపోటు ఎప్పుడు వచ్చింది?”

“రాలేదు సార్,” అన్నడు దేవదానం. “ఎన్నడూ రాలేదు.”

“వచ్చింది. ఇదిగో, మచ్చ కనబడుతుంది. ఇప్పటిది కాదు, పాతది. ఏడాదయి ఉంటుంది, అటో ఇటో.”

దొరసాని చెయ్యి చాపింది. డాక్టరు పట్టీ ఇచ్చిండు. దిండు కింద నుంచి కండ్లద్దాలు తీసి పెట్టుకొని, గళ్ల మీద వేలు జరుపుకుంట ఆ చివర నుంచి ఈ చివరకు చూసింది. ఇట్లాంటి పట్టీలు చదువుడు ఎన్ని బ్యాచుల నర్సులకో నేర్పిన మనిషి. వేలు ఒక్క దగ్గర ఆగింది. వాయువు అనలేదు. సర్వపిండి అనలేదు. కండ్లద్దాలు తీసి ఛాతి మీద పెట్టుకున్నది.

ఆమెకు ముందే తెలుసునా? లేకుంటే ఇప్పుడే తెలిసిందా? సారమ్మ ఆ ముఖంల వెదికింది. ముప్పై ఎనిమిదేండ్లు చూసిన ముఖం, ఒక్క గీత కూడ ఏమీ చెప్పలేదు.

“అట్లయితే ఆపరేషన్ కాదా సార్?” అన్నడు దేవదానం.

“ఎందుకు కాదు? అయితది. కాని మత్తు ఇచ్చేవాళ్లకు ఈ సంగతి తెలవాలె. తెలిస్తే వెన్నుల సూది వేసి జాగ్రత్తగ చేస్తరు. తెలవకుండ పూర్తి మత్తు ఇస్తే బల్ల మీదనే పోతది.” డాక్టరు జేబుల నుంచి పెన్ను తీసిండు. “పట్టీతోపాటు నేను రాసిస్త. ఆ కాగితమేంది? నా దస్తఖతు కావాలన్నవు?”

దేవదానం కాగితం ఇయ్యలేదు. ఇయ్యకుండ ఉండలేకపోయిండు కూడ. డాక్టరే తీసుకున్నడు. నిలబడే చదివిండు. మళ్ల మొదటికి పోయి చదివిండు.

“గుండె జబ్బు ఎన్నడూ లేదు అని నన్ను దస్తఖతు పెట్టమంటున్నవా? ఇది చేతుల పెట్టుకొనా?”

“సార్, ఇరవై వేలు ఆ కాగితం మీదనే వస్తయి. దాని కాపీ హైదరాబాదు దవాఖానకు కూడ పోవాలె. అది లేకుంటే హైదరాబాదే లేదు.”

“ఇది హైదరాబాదు పోతే మత్తు డాక్టరు దీన్నే నమ్ముతడు.”

తెర పక్కకు జరిగింది. నర్సయ్య. సైకిలు తొక్కి చెమటల్ల ఉన్నడు. “పోయిందమ్మా తంతి,” అని సారమ్మకు చెప్పి, తారాఫీసు రసీదు దేవదానం చేతిల పెట్టి, లోపలోళ్ల ముఖాలు చూసి, వచ్చినట్టే ఎనుకకు పోయిండు.

డాక్టరు ఉత్తరం కింద తెలుగుల ఉన్న పేరు చూసిండు. “సారమ్మ ఎవరు?”

“నేనే అయ్యా.”

“ఆ రోజు పక్కన ఉన్నది నువ్వేనా?”

“నేనే.”

“ఇంకెవరన్న ఉన్నరా?”

“లేరు.”

సారమ్మ చేతులు కొంగుల దాసుకున్నది. ఆ వేళ్లకు ఇప్పుడొకటి యాదికి వస్తున్నది. పొయ్యి కాడ దొరసాని ముంజేయి పట్టుకున్నప్పటి సంగతి. ముప్పై నాలుగేండ్లు నాడి చూసిన వేళ్లు. చల్లటి చెమట కింద వెదికినయి, జరిపి వెదికినయి. ఎంతసేపో తెల్వదు. మూడు నిమిషాలు కాదు, అది తను కలిపిన మాటనే. కాని ఆ కొంచెంసేపు వేళ్ల కింద ఏమీ లేదు. ఇన్నొద్దులు ఆ సంగతి తనే మరిచింది. సాక్ష్యం అంత పెద్దగ చెప్పినంక, అసలు జరిగింది దాని కిందపడి కనబడకుండపోయింది.

ఇప్పుడు నిజం చెప్తే ఇరవై వేలు రావు, ఈ మనిషి ఇటుకల కిందనే మూడు నెలలల్ల పోతది. చెప్పకుంటే పైసలు వస్తయి, ఈ మనిషి బల్ల మీద పోతది. తంతి ఇప్పటికే సముద్రం దాటి ఉంటది.

“సారమ్మా,” అని పిలిచింది దొరసాని.

డాక్టరు పెన్ను మూత తీసి ఎనుకకు తగిలిచ్చిండు. తెల్ల కాగితం ఒకటి మోకాలి మీద పరుచుకున్నడు.

“చెప్పమ్మా. నువ్వు చెప్పిందే రాస్త. ఆనాడు ఏమైంది?”

సారమ్మ కొంగుల నుంచి చెయ్యి బయటికి తీసి, దొరసాని ముంజేయి మీద పెట్టి, నోరు తెరిచింది.